బరువు ఎక్కడికి పోయింది?



విశాఖపట్నం పాతపట్నంలో రాస్ కొండ ఎక్కి, మేరీమాత దేవాలయం ముందు పది నిమిషాలు నిలబడితే మన ఊరు చేసే పని చాలావరకు కంటికి కనిపిస్తుంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ కొండకూ ఈ కొండకూ నడుమ ఓడలు లోపలికి వచ్చే కాలువ. పక్కనే దర్గా కొండ, వేంకటేశ్వర స్వామి కొండ. కింద రేవులో క్రేనులు, ఖనిజపు గుట్టలు, రైలు వ్యాగన్లు, రంగురంగుల పెట్టెలు. అన్నీ కదులుతూనే ఉంటాయి. కాని కదిలించే మనిషి మాత్రం అంత తొందరగా కంటబడడు.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. రేవులో కలాసీగా చేసి రిటైరైన మనిషి. కంటైనర్ల యార్డులో పనిచేస్తున్న మనుమణ్ణి వెంటబెట్టుకుని పండుగనాడు కొండెక్కాడు. రెయిలింగు పట్టుకుని చాలాసేపు కిందికి చూసి, "ఏటిరా బాబూ, జనం ఏరీ? ఓడొచ్చిందంటే మేం చీమల బారులా ఉండేవోళ్ళం కదా" అన్నాడు.

"ఇప్పుడన్నీ పెట్టెలే తాతా. క్రేనే ఎత్తేస్తాది. ఎవరూ బరువు మొయ్యక్కర్లేదు" అన్నాడు మనుమడు.

పెద్దాయన కాస్సేపు ఊరుకుని, "మరి ఆ బరువంతా ఎటు పోనాదిరా?" అని అడిగాడు.

మనుమడు నవ్వేశాడు. మనం మాత్రం నవ్వి ఊరుకోకుండా ఆ ప్రశ్ననే ఈ వారం పాఠంగా తీసుకుందాం. యంత్రం వచ్చినప్పుడల్లా "పని తేలికైంది" అంటాం. ఎవరికి తేలికైంది? తీసిన బరువు ఎక్కడ దిగింది? ఎక్కడ దిగాలో ఎవరు నిర్ణయించారు? మన రేవులోనూ, ఉక్కు కర్మాగారంలోనూ, మన ఇళ్ళలోనూ జవాబు వెతుకుదాం.

1. వీపు మీది బరువు

మన రేవు కట్టకముందు ఓడలు సముద్రంలో దూరంగా నిలబడేవి. సరుకును చిన్న పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 19న అప్పటి వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. సెంట్రల్ ప్రావిన్సెస్ గనుల నుంచి రైలులో వచ్చే మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడం ఆ రేవు ముఖ్యోద్దేశాలలో ఒకటి. ఆ రోజుల్లో ఎక్కింపూ దింపూ చాలావరకు మనిషి నెత్తి మీద, వీపు మీద జరిగేవి. తట్ట, గోతం, చేతి కొక్కెం, తలపాగా - ఇవే పనిముట్లు.

బరువు కంటే పెద్ద కష్టం ఇంకొకటి ఉండేది. రేవు పని అన్నిచోట్లా రోజు కూలి పనే. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. పొద్దున్నే గేటు దగ్గర జనం గుమిగూడితే మేస్త్రీ వేలు చూపినవాడికే ఆ రోజు కూలి. ఈ కష్టాన్ని ఏ యంత్రమూ తీర్చలేదు. దానిమీద చట్టమే పనిచేసింది. 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దాని కింద పలు పెద్ద రేవులలో, మన రేవులో కూడా, డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. కార్మికుడి పేరు పుస్తకంలోకి ఎక్కింది. వంతు ప్రకారం పని, హాజరైనా పని దొరకని రోజుకు కొంత భత్యం వచ్చాయి. మేస్త్రీ వేలికి ఉన్న బలం తగ్గింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరలో మళ్ళీ అవసరమవుతుంది.

తర్వాత యంత్రాలు వచ్చాయి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో అరకు కొండల మీదుగా కిరండూల్ - కొత్తవలస రైలు మార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచిన దారి అది. ఆ ఖనిజం కోసం రేవులో మర యంత్రాలు పెట్టారు. 1976 నాటికి పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బరు సిద్ధమైంది. అక్కడ టిప్లర్ అనే యంత్రం ఖనిజంతో నిండిన వ్యాగన్ను అలాగే పట్టుకుని, చెంబు వంచినట్టు బోర్లిస్తుంది. ఖనిజం కన్వేయర్ బెల్టు మీద పడి గుట్టకూ, గుట్ట నుంచి ఓడకూ చేరుతుంది. ఎన్నో తట్టల పని ఒక్క మీట నొక్కడంతో అయిపోతుంది.

ఇక పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో, లారీల వ్యాపారి మాల్కం మెక్లీన్ ఏర్పాటుతో, 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో న్యూయార్క్ పక్కనున్న న్యువార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. సరుకును విడివిడిగా దించి ఎక్కించకుండా పెట్టెకు పెట్టెనే లారీ మీది నుంచి ఓడ మీదికి మార్చడం ఆయన ఆలోచన. ఆ తర్వాత ప్రపంచమంతా పెట్టె కొలతలను 20 అడుగులు, 40 అడుగులు అని స్థిరపరచుకుంది. మన రేవులో ప్రత్యేకమైన కంటైనర్ టెర్మినల్ 2003లో మొదలైంది.

లెక్క వేసి చూడండి. 20 అడుగుల పెట్టెలో సుమారు 20 టన్నుల సరుకు పడుతుంది. 50 కిలోల బస్తాలైతే 400. నలభై మంది ముఠా అయితే మనిషికి పది నడకలు. క్రేనుకు రెండు మూడు నిమిషాలు. వెన్ను విరగని, మోకాళ్ళు అరగని కాలం రావడం నిజంగా మేలు. తట్టల కాలమే బాగుండేదని అనేవాడు ఆ తట్ట ఎత్తనివాడై ఉంటాడు.

కాని పెద్దాయన ప్రశ్న ప్రశ్నగానే ఉంది. నలభై మంది ముఠాలో క్రేను మీదికి ఎక్కింది ఒక్కడే. మిగతా వాళ్ళ బిడ్డల్లో కొందరు చదువుకుని ఆఫీసుల్లో చేరారు. కొందరు అదే గేటు బయట, ఈసారి కాంట్రాక్టు కూలీలుగా, మళ్ళీ రోజు పని కోసం నిలబడ్డారు. క్రేను ఎక్కినవాడి సంగతీ చూడండి. ముప్పై మీటర్ల పైచిలుకు ఎత్తున, గాజు నేల ఉన్న గదిలో కూర్చుని, ముందుకు వంగి, తన కాళ్ళ సందులోంచి కిందికి చూస్తూ గంటల తరబడి పనిచేస్తాడు. మెడ నొప్పి, నడుము నొప్పి ఆ పనిలో మామూలు. పైగా కింద ఒక మనిషి ఉన్నాడేమోనన్న భయం క్షణక్షణం. తాత వీపు మీది బరువు కొంత మనుమడి మెడ మీదికీ, కళ్ళ మీదికీ, మనసు మీదికీ చేరింది.

2. ఆరని కొలిమి

మన పల్లెల్లో కమ్మరి కొలిమి ఉండేది. పొద్దు గుంకితే తిత్తి ఆగేది, నిప్పు ఆరేది, కమ్మరి ఇంటికి పోయేవాడు. ఉక్కు కర్మాగారం కొలిమి ఆరడానికి వీల్లేదు.

ఈ కర్మాగారం ఊరికే వచ్చింది కాదు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా లేచింది. అమృతరావు గారు నిరాహారదీక్ష చేశారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సముద్రతీరాన కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం మన దేశంలో ఇదే.

మొదటి ఫర్నేసుకు గోదావరి అని, రెండవదానికి కృష్ణ అని పేరు పెట్టారు. 2012లో వచ్చిన మూడవది అన్నపూర్ణ. పేర్లు చల్లగా ఉన్నా లోపల కరిగిన ఇనుము వేడి దాదాపు 1500 డిగ్రీలు. పైనుంచి ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి పోస్తుంటే, కింది నుంచి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి గాలి ఊదుతుంటారు. వెలిగించిన ఫర్నేసు ఏళ్ళ తరబడి మండుతూనే ఉండాలి. చల్లారనిస్తే లోపలి లోహం గడ్డకడుతుంది, కొలిమి చెడుతుంది. కోక్ ఓవెన్లూ అంతే. చల్లబడితే గోడల ఇటుకలు పగులుతాయి.

అందుచేత నిప్పు నిద్రపోదు. నిప్పు నిద్రపోదు కాబట్టి మనిషి మేలుకోవాలి. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని రోజును మూడు ముక్కలు చేసి మనుషులు పంచుకున్నారు. ఉక్కునగరంలో, గాజువాకలో, కూర్మన్నపాలెంలో ఎన్నో ఇళ్ళలో గోడ మీది షిఫ్టు కేలండరే ఇంటి పంచాంగం. పెళ్ళిచూపులు ఎప్పుడు, పిల్లవాడి బడికి ఎవరు వెళ్ళాలి, ఆదివారం పూజకు అందరం కలిసి వెళ్ళగలమా - అన్నీ దాన్ని చూసే తేల్చుకోవాలి.

సీ షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పొద్దున్న పడుకుంటాడు. పిల్లలు గుసగుసలాడాలి. కుక్కరు విజిల్ వేయకూడదు. కూరగాయల బండివాడు అరిస్తే తల్లి పరుగున వెళ్ళి ఆపాలి. రేయింబవళ్ళు తారుమారయ్యే రాత్రి పని శరీరానికి చేసే చెరుపు చిన్నది కాదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ అలాంటి పనిని కేన్సర్‌కు కారణం కాగలవని భావించే వాటి జాబితాలో చేర్చింది. గడ్డపార పట్టి బొగ్గు ఎగదోసే శ్రమ తగ్గింది. దాని స్థానంలో నిద్ర బరువు వచ్చింది. ఆ బరువును కార్మికుడు ఒక్కడే మోయడు, ఇంటిల్లిపాదీ మోస్తారు.

3. కంటికీ చేతికీ తెలిసిన విద్య

'ఉక్కు' అనే మన మాటకు ప్రపంచ చరిత్రలో చోటుంది. దక్షిణ భారతంలో మూసలో కరిగించి చేసిన ఉక్కును పాశ్చాత్యులు 'ఊట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' నుంచే పుట్టిందని పండితుల అభిప్రాయం. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఎంత వేడి చాలునో చెప్పడానికి ఆ పనివారికి మీటర్లు లేవు. నిప్పు రంగు చూసి, చప్పుడు విని చెప్పేవారు.

ఆధునిక ఫర్నేసు దగ్గర కూడా ఆ విద్య ఒక్కసారిగా పోలేదు. గాలి ఊదే గొట్టాల దగ్గరున్న చిన్న కిటికీలోంచి నీలి అద్దం పెట్టి చూసి, లోపల ఎలా మండుతోందో చెప్పగల సీనియర్లు ఉంటారు. కంట్రోల్ రూంలో తెర మీద అంకెలు వరుసగా కనిపిస్తూనే ఉంటాయి. అంకెలకూ కంటికీ తేడా వచ్చినప్పుడు సీనియర్ మాటకు విలువ తెలుస్తుంది.

చేపల రేవులోనూ ఇదే కథ. తెప్ప మీద వేటకు వెళ్ళిన పాతతరం జాలరులు ఒడ్డున కనిపించే కొండలను గుర్తు పెట్టుకునేవారు. ఈ కొండ కొనకు సూటిగా ఆ కొండ వచ్చిందంటే కింద ఫలానా రాతి నేల ఉందని, ఫలానా చేప పడుతుందని లెక్క. ఆ పటం వాళ్ళ తలలో ఉండేది. తండ్రి కొడుకును ముందు కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. ఇప్పుడు మర పడవల్లో జీపీఎస్ ఉంది, చేపల గుంపును చూపే యంత్రం ఉంది, తుపాను హెచ్చరిక సెల్‌ఫోనుకు వస్తుంది. ఆ హెచ్చరిక విని వెనక్కు తిరిగి ప్రాణాలు దక్కించుకున్నవారిని అడగండి, యంత్రం విలువ చెబుతారు. కాని డీజిలు ఖర్చు, ఇంజను అప్పు, పెద్ద వలల పోటీ కూడా దానితోనే వచ్చాయి. 2022 జనవరిలో రింగు వలల విషయమై మన విశాఖ తీరంలోనే మత్స్యకారులు రెండు వర్గాలై ఘర్షణ పడ్డారు, పడవలు తగలబడ్డాయి. ఒకరి వల పెద్దదైతే పక్కవాడి వల ఖాళీ అవుతుందన్నదే అక్కడి గొడవ.

యంత్రం నేర్చుకోవడం తప్పు కాదు. తాతకు తెలిసినది అడగకుండా వదిలేయడం మాత్రం నష్టం. పుస్తకంలో లేని విద్య మనిషితోపాటే మట్టిలో కలిసిపోతుంది.

4. వంటింటి బరువు

ఇంతవరకు మగవారి పని గురించే మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఇంట్లోకి వద్దాం.

రుబ్బురోలు పోయి గ్రైండరు వచ్చింది. రోకలి పోయి మిక్సీ వచ్చింది. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. పొగ తగ్గింది, రెక్కల నొప్పి తగ్గింది. మంచిదే. మరి మన ఇళ్ళలో తల్లులకు తీరిక పెరిగిందా? రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లో ప్రచురించిన పుస్తకంలో ఈ ప్రశ్ననే పరిశీలించారు. ఇంటి యంత్రాలు వచ్చాక మగవారూ పిల్లలూ చేసే పనులు - కట్టెలు కొట్టడం, నీళ్ళు తేవడం, చాపలు దులపడం వంటివి - తగ్గిపోయాయి. శుభ్రత మీద, వంట మీద మన కోరికలు మాత్రం పెరిగాయి. ఆ పెరిగిన పనంతా స్త్రీ ఒక్కతే చేయవలసి వచ్చిందని ఆమె చూపారు.

మన ఊరికి ఈ మాట ఎంత సరిపోతుందో చూడండి. భర్తకు ఏ షిఫ్టు అయితే తెల్లవారుజామున నాలుగున్నరకే క్యారేజీ సిద్ధం చేయాలి. పిల్లల బడి క్యారేజీ ఏడున్నరకు. అత్తమామలకు పత్యపు వంట వేరు. బీ షిఫ్టు అయితే రాత్రి పదిన్నర దాటాక మళ్ళీ అన్నం వేడి చేయాలి. ఆమెకు షిఫ్టు లేదు. షిఫ్టు లేదంటే సెలవు లేదని అర్థం. ఇక ఆమె కూడా ఉద్యోగం చేస్తుంటే చెప్పనక్కరలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి. మోటార్లు ఆగాయి, లిఫ్టులు ఆగాయి. నాలుగో అంతస్తుకు నీళ్ళు బిందెలతో మెట్లెక్కాయి. ఇన్నేళ్ళూ మోటారు మోసిన బరువు ఒక్క రాత్రిలో తిరిగి వచ్చేసింది. అప్పుడు మీ ఇంట్లో ఆ బిందె ఎవరు ఎత్తారు? కొన్ని ఇళ్ళలో అందరూ వరుసగా నిలబడి అందుకున్నారు. కొన్ని ఇళ్ళలో తల్లి ఒక్కతే మోసింది. యంత్రం ఆగిన రోజునే ఇంటి అసలు పద్ధతి బయటపడుతుంది.

5. గోడ అవతలివారి బరువు

మన పని తేలికైనప్పుడు దాని బరువు గోడ అవతల దిగుతోందేమో కూడా చూడాలి. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాల వాళ్ళు నేల వదులుకున్నారు. నిర్వాసితులకు ఆర్-కార్డులు ఇచ్చారు. ఉద్యోగం దొరికినవారు దొరకగా, కార్డును ట్రంకు పెట్టెలో దాచుకుని ఎదురుచూస్తూ ముసలివాళ్ళయినవారు ఉన్నారు. రేవు చుట్టుపక్కల వీధుల్లో డాబా మీద ఆరేసిన తెల్లచీర మీద నల్లటి దుమ్ము పడుతుందని పాతపట్నం ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. తట్టతో మోసిన ఖనిజం నెత్తి మీద ఉండేది. గుట్టలు పోసిన బొగ్గు దుమ్మై ఊపిరిలోకి పోతుంది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ప్లాస్టిక్ పరిశ్రమ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. లాక్‌డౌన్ తర్వాత తిరిగి తెరిచే సమయం అది. ఇళ్ళలో నిద్రపోతున్న జనం లేచి పరుగెత్తారు, దారిలోనే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. వారిలో పిల్లలున్నారు. చాలామంది ఆ పరిశ్రమలో ఏనాడూ పనిచేయనివారే. జీతం ఒకరిది, ప్రమాదం ఇంకొకరిది కావడం అంటే ఇదే.

6. నిర్ణయించేది ఎవరు?

మొదట్లో గుర్తుంచుకోమన్న సంగతికి ఇప్పుడు వద్దాం. గేటు దగ్గర మేస్త్రీ వేలిని వంచింది చట్టం. ఆ చట్టం వెనుక సంఘాలున్నాయి, సమ్మెలున్నాయి, ఆలోచించిన మనుషులున్నారు. కాబట్టి యంత్రానికి బరువును ఎత్తడమే తెలుసు. ఎక్కడ దించాలో చెప్పేది మనుషులు. మిగిలిన లాభంతో ముఠాలోని మిగతావారికి కొత్త పని నేర్పించవచ్చు, లేదా వారిని ఇంటికి పంపవచ్చు. గుట్టల మీద నీళ్ళు చల్లించి, చుట్టూ చెట్లు పెంచి, మూసిన షెడ్లు కట్టవచ్చు, లేదా దుమ్మును గాలికి వదిలేయవచ్చు. క్రేను రెండు పద్ధతుల్లోనూ ఒకేలా తిరుగుతుంది.

శ్రీసభ కూడా ఈ విషయాన్ని చాలాకాలం నుంచి పట్టించుకుంటోంది. 1891లో 13వ లియో జగద్గురువులు కార్మికుల స్థితిగతుల మీద లేఖ రాశారు. దానికి తొంభై ఏళ్ళయిన సందర్భంలో, 1981 సెప్టెంబరు 14న, రెండవ జాన్ పాల్ జగద్గురువులు మానవ శ్రమ మీద ఇంకొక లేఖ వెలువరించారు. యవ్వనంలో రాతి గనిలోనూ రసాయన కర్మాగారంలోనూ కూలిగా పనిచేసిన మనిషి ఆయన. యంత్రం మనిషికి తోడుగా ఉండగలదని, అదే యంత్రం మనిషి పనినీ, పనిలోని తృప్తినీ లాగేసుకుంటే శత్రువు కాగలదని ఆ లేఖ బోధిస్తుంది. ఏ పని చేశామన్నదానికంటే చేసినది మనిషి అన్నదే పనికి విలువ ఇస్తుందని దాని సారాంశం.

మన ఊళ్ళో దసరా నాడు, విశ్వకర్మ పూజ నాడు కార్మికులు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి, ఆ రోజు వాటికి విశ్రాంతి ఇస్తారు. మే 1న మనం కార్మికుడైన పునీత జోజప్ప గారి పండుగ చేసుకుంటాం. 12వ భక్తినాథ జగద్గురువులు 1955లో నెలకొల్పిన పండుగ అది. రెండు ఆచారాల దారి వేరైనా పనిముట్టును చేతిలోకి తీసుకునేవాడిని గౌరవించడం రెండింటిలోనూ ఉంది. ఏడాదికి ఒక రోజు పనిముట్టుకు విశ్రాంతి ఇచ్చే మనం, ప్రతి రోజూ పనిచేసే మనిషికి ఏమిస్తున్నామో చూసుకోవాలి.

పెద్ద నిర్ణయాలు ఢిల్లీలో, కంపెనీ బోర్డుల్లో జరుగుతాయి. ఉక్కు కర్మాగారం వాటాలన్నీ అమ్మాలన్న నిర్ణయానికి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించినప్పుడు మన ఊరు ఎంత కలవరపడిందో, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించినప్పుడు ఎంత ఊపిరి పీల్చుకుందో మనకు తెలుసు. ఆ నిర్ణయాలు అందరి చేతిలోనూ ఉండవు. ఇంటి నిర్ణయం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఆ కొండ మీది మనుమడు తాత ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కాని దిగేటప్పుడు తాత మోకాలు పట్టేస్తే చెయ్యి పట్టుకున్నాడు. "గోతం ఎత్తేటప్పుడు ముందు ఏ కాలు వెయ్యాల తాతా?" అని అడిగాడు. పెద్దాయన మెట్టు మీద ఆగి, ఎడమ కాలు ముందుకు వేసి, నడుము నిటారుగా పెట్టి, లేని గోతాన్ని ఎత్తి చూపించాడు. యాభై ఏళ్ళ పని గురించి ఆయన్ను ఆ ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదటిసారట.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మీ తాత, అమ్మమ్మ చేసిన పని ఏమిటి? ఆ పనిని ఇప్పుడు ఏ యంత్రం చేస్తోంది? వారిని ఈ వారమే అడిగి, పిల్లలచేత నోటుబుక్కులో రాయించండి.

2. మీ ఇంట్లో గత పదేళ్ళలో వచ్చిన యంత్రాలు ఏవి? వాటివల్ల ఎవరికి తీరిక దొరికింది? ఎవరికి దొరకలేదు?

3. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారి నిద్రకు మీ వీధిలో ఎలా సహాయపడవచ్చు? మైకులు, టపాకాయలు, హారన్ల సంగతి ఆలోచించండి. మన పండుగల మైకులనూ లెక్కలో చేర్చండి.

4. మీ ఇంటి ముందు చెత్త ఎత్తేవారు, మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్, మీ కంపెనీలో కాంట్రాక్టు కూలీ - వీరిలో ఎందరి పేర్లు మీకు తెలుసు?

5. ఈ ఆదివారం వంట, గిన్నెలు, బట్టలు - ఈ మూడు పనులనూ ఇంట్లో అందరూ పంచుకుని చేయండి. సాయంత్రం అమ్మను అడగండి: "బరువు తగ్గిందా?" ఆమె చెప్పే జవాబు శ్రద్ధగా వినండి.